నైఫ్‌లో పచ్చ రంగు తలుపు

ముందే చెప్తున్నాను, ఇందులో వచ్చే మేనేజర్‌ని నేను 'ఆయన' అనను. ఎదురుగా ఉన్నన్నాళ్ళూ 'అన్నా' అన్నాను, 'మీరు' అన్నాను, కనబడినప్పుడల్లా సలాం పెట్టాను. ఆ మర్యాదంతా అద్దెతో పాటు కట్టేశాను. ఇప్పుడు రాసేటప్పుడు కూడా ఇమ్మంటే నా వల్ల కాదు. నా వరకు వాడు వాడే.

దుబాయ్‌లో నైఫ్ బజారులో, సూట్‌కేసులూ ఫోన్ కవర్లూ అమ్మే సందు వెనక, పాత రెండంతస్తుల ఇల్లొకటి ఉండేది. సముద్రంలోంచి తీసిన రాళ్ళతో కట్టిన గోడలు. వాసాలు వరసగా పేర్చిన కప్పు. కిటికీల పైన గాలి కోసం సుద్దలో చెక్కిన జాలీలు. వీధి వైపు పెద్ద టేకు తలుపు, దాని నిండా చెక్కిన పూలు, ఆ తలుపులోనే మనిషి వంగి దూరేంత చిన్న తలుపు ఇంకొకటి. ఒకప్పుడు పెద్ద వ్యాపారి కుటుంబం కాపురమున్న ఇల్లంట. నేను చూసేనాటికి పై గదులను ప్లైవుడ్‌తో ముక్కలు చేసి, మంచానికింత అని అద్దెకిచ్చేవాళ్ళు. కింద వీధి వైపు రెండు దుకాణాలు. అందులో ఒకటి నాది.

ఇంటి యజమాని లోకల్ ముసలమ్మ. హజ్ చేసొచ్చిందని హజ్జా అని పిలిచేవాళ్ళు. షార్జా వైపు కొడుకు దగ్గర ఉండేది. మోకాళ్ళ నొప్పులని ఎప్పుడొచ్చినా కారు దిగేది కాదు. నేను కారు అద్దం మీద ఆమె వేళ్ళు చూశానే గానీ మొహం సరిగ్గా చూసింది లేదు. ఆమె దగ్గర ఇల్లంతా లీజుకు తీసుకుని, మాకు ముక్కలు ముక్కలుగా అద్దెకిచ్చేవాడే ఈ మేనేజర్. నెల్లూరు వైపు వాడు. మన తెలుగువాడు దొరికాడని మొదట్లో నేను సంబరపడ్డాను కూడా.

మాది కడప జిల్లా. మా ఊరి ఆడవాళ్ళంతా కువైట్ పోతుంటే నేను దుబాయ్ వచ్చాను. ఒక ఇంట్లో పనిమనిషిగా ఏళ్ళు చేశాను. ఆ ఇంటి పిల్లల గౌన్లు కుట్టీ కుట్టీ చెయ్యి తిరిగింది. చివరికి కఫీల్‌గా, అంటే పూచీదారుగా, ఉండే ఒక లోకల్ మనిషి పేరు మీద లైసెన్సు పెట్టుకుని, నైఫ్‌లో దర్జీ దుకాణం తెరిచాను. నా గిరాకీ అంతా ఇళ్ళల్లో పనిచేసే మనవాళ్ళే. గోదావరి జిల్లాల వాళ్ళు, మా సీమ వాళ్ళు. వాళ్ళు బయటికొచ్చేది ఎప్పుడో ఒక సెలవు పూట. ఆ పూటలోనే ఊరికి డబ్బు పంపాలి, ఫోన్ రీఛార్జి చేయించాలి, ఎవరినైనా కలవాలి. ఇక నిలబడి కొలతలిచ్చే తీరిక ఎక్కడిది? అందుకే ఒక్కొక్కరూ తమ ఆది జాకెట్టు నా దగ్గరే వదిలేసేవాళ్ళు. ఒంటికి సరిగ్గా అతికిన పాత జాకెట్టును ఆది అంటాం. దాన్ని పక్కన పెట్టుకుని కొత్తది కత్తిరిస్తాం.

ఫోన్ చేసి "అక్కా, నీలం చీరకి ఒకటి కుట్టు, మెడ కొంచెం కిందికి దించు" అంటే చాలు, నాకంతా తెలిసిపోయేది. పసిపిల్లలను చూసుకునే ఆమెకు చంక దగ్గర వదులుండాలి. వంటింట్లో ఉండే ఆమెకు చేతులు పొట్టిగా ఉండాలి. కాకినాడ వైపు ఆమె ఒకతె, చనిపోయిన తన అక్క జాకెట్టును ఆదిగా ఇచ్చింది. ఇద్దరిదీ ఒకే ఒళ్ళంట. అక్కది ఇంట్లో ఉంచితే ఏడుపొస్తుంది, నీ దగ్గర ఉంటే పనికొస్తుంది అంది. అవన్నీ ఉతికి, మడిచి, పేరు రాసిన గుడ్డముక్క గుచ్చి, అలమరలో పెట్టుకున్నాను. దుకాణంలో నాకున్న ఆస్తి మిషను కాదు, ఆ అలమర.

2020లో కరోనా వచ్చి నైఫ్ సందులన్నీ మూసేశారు. రంజాన్ దగ్గర పడుతోంది, పండగ బట్టలు కత్తిరించి పెట్టుకున్నాను, ఈలోగా నాకు జ్వరం తగిలింది. అంబులెన్సు వచ్చి తీసుకుపోయింది. విడిగా ఒక గదిలో పెట్టారు, వేళకు అన్నం పెట్టారు, మందులిచ్చారు. వాళ్ళ మీద నాకే ఫిర్యాదూ లేదు. అల్లా దయవల్ల బయటపడ్డాను. సందులు తెరిచాక నడుచుకుంటూ నా దుకాణం దగ్గరికి వస్తే, నా బోర్డు లేదు. తాళం మారింది. లోపల ఎవరో కుర్చీలో కూర్చుని సిమ్ కార్డులు సర్దుకుంటున్నాడు.

మేనేజర్ పై మెట్టు మీద నిలబడి చెప్పాడు. "వైరస్ సామానమ్మా అది. పైన ఎంతమంది ఉండారు, వాళ్ళ ప్రాణాల మీదికి రాదా? తాళం పగలగొట్టించి చెత్తడబ్బాలో ఏయించినా. మిషను ఇనుము గదా, మిద్దె మీద ఎండలో పెట్టించినా."

"ఆది జాకెట్లన్నా, అవి మనుషులవి" అన్నాను.

"ప్రాణం మిగిలింది గదా. గుడ్డలకేడుస్తావేందమ్మా?"

ఆ మాట అని నవ్వాడు. అందుకే మర్చిపోలేదు. వైరస్ భయంతో చేసుంటే నేనూ అర్థం చేసుకునేదాన్ని, అప్పుడు అందరమూ భయపడ్డాం. కానీ సిమ్ కార్డులవాడు తర్వాత తానే నోరుజారాడు, నేను ఆసుపత్రిలో ఉండగానే మేనేజర్ తన దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడని. నేను తిరిగి రానని వాడు లెక్కేసుకున్నాడు. వచ్చేసరికి నా బతుకు చెత్తడబ్బాలో ఉంది. మిద్దె ఎక్కి చూస్తే మిషను ఉప్పుగాలికి ఎర్రగా తుప్పుపట్టి ఉంది. దాని మీద ఎవరో బనియన్లు ఆరేసుకున్నారు.

నా కఫీల్‌కి చెప్పుకుంటే "ఖలాస్, వదిలెయ్, ఇది గొడవలు పెట్టుకునే సమయమా?" అన్నాడు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి ఆది పోయిందని చెప్పుకున్నాను. కొందరు పర్లేదన్నారు. కొందరు మళ్ళీ రాలేదు. కాకినాడ ఆమె మాత్రం ఏమీ అనకుండా ఫోన్ పెట్టేసింది. తిట్టుంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో.

వాడు నా మీద దయతలచి మెట్ల కింద చోటిచ్చాడు. అద్దె మాత్రం దయలేకుండా వసూలు చేశాడు. పెద్ద తలుపు దాటి లోపలికొస్తే ఎడమ పక్కన, తల పైకెత్తితే మెట్టు తగిలే చోటు. అక్కడ మిషనుకు తుప్పు గీకి, నూనె పోసి, మళ్ళీ కుట్టడం మొదలుపెట్టాను. గోడ అవతలే నా పాత దుకాణం. అక్కడ ఫోన్లు మోగితే నాకిక్కడ వినబడేది. ఎంతకాలమైనా ఆ ముందు దుకాణంలో మళ్ళీ నా మిషను వేసుకోవాలి, అదొక్కటే నా కోరిక. ఇంకో కోరిక కూడా ఉండేది. వీడు నా ఎదురుగా నిలబడి ఏడవాలి, నేను చూడాలి. నమాజులో కూర్చున్నప్పుడు మొదటి కోరిక అడిగేదాన్ని. రెండోది అడగడానికి సిగ్గేసి, లేచి చాప మడుస్తూ అడిగేదాన్ని.

అలా ఏళ్ళు గడిచాయి. ఒకరోజు వాడు నా దగ్గరికి కరక్ టీ పట్టుకొచ్చాడు. వాడి చేత్తో నాకు టీ అందడం అదే మొదలు. మెట్టు మీద కూలబడి చెప్పుకొచ్చాడు.

"మన ఇల్లుండాదే, దీన్ని పాత కట్టడం కింద గుర్తించబోతుండారమ్మా. ఈ సందులో ఇట్టాంటి ఇళ్ళు మిగిలినకాడికి అన్నీ కలిపి చారిత్రక ప్రాంతమని రాస్తారంట. ఒక్కసారి ఆ గుర్తింపు వచ్చిందంటే దీన్ని ఎవుడూ కూలగొట్టలేడు. మరమ్మతుకు సాయం చేస్తారు. పాత పని తెలిసిన మేస్త్రీలను వాళ్ళే పంపిస్తారు. గోడకు బోర్డు పెడతారు, టూరిస్టులు ఫోటోలకు వరస కడతారు. పైన నాలుగు గదులు హోటల్ మాదిరి, లోపల వాకిట్లో కాఫీ షాపు. హజ్జా నాకు ఏళ్ళ తరబడి లీజు రాసిస్తానంది. మంచానికింత అని ఎన్నాళ్ళు బతకాల?"

సందంతా అదే మాటగా ఉండేది ఆ రోజుల్లో. నిన్నటిదాకా ఎప్పుడు పడగొట్టి పది అంతస్తులు లేపుదామా అని చూసిన యజమానులు, ఇప్పుడు తాతల ఫోటోలు బయటికి తీసి, ఈ కిటికీ చూడండి, ఈ కమాను చూడండి అని తిరుగుతున్నారు. తప్పేం లేదు. పాత ఇల్లు నిలబడితే యజమానికి అద్దె పెరుగుతుంది, పేరొస్తుంది, వీధి చల్లగా ఉంటుంది. నాకు మండింది ఒక్కటే. మేం అందులో వండుకుని, ఉతుక్కుని, దగ్గుకుంటూ బతికినన్నాళ్ళూ అది పాత కొంప. మేం ఖాళీ చేస్తామనగానే చారిత్రక కట్టడం.

"మరి నేనన్నా?" అని అడిగాను.

"మెట్ల కింద ఖాళీ చెయ్యాలమ్మా. అక్కడ రిసెప్షన్ వస్తది."

"ముందు దుకాణంలో మళ్ళీ నాకు ఒక మూల ఇవ్వగూడదా? సిమ్ కార్డులవాడు ఎట్లాగూ పోతాడు కదా."

"చూద్దాంలే" అన్నాడు వాడు, టీ కప్పు నా మిషను మీదే పెట్టి లేస్తూ.

వాడి 'చూద్దాంలే' అంటే ఏమిటో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. బాత్రూము కుళాయికి చూద్దాంలే అన్నాడు, పైన ఏసీకి చూద్దాంలే అన్నాడు. నాకు అర్థమైపోయింది. గుర్తింపు వచ్చినా నేను పోతాను, రాకపోయినా పోతాను. ఇక తేలాల్సింది వాడి సంగతే.

కొన్నాళ్ళకు పాత కట్టడాలను గుర్తించే ఆఫీసు నుంచి ఒక పిల్ల వచ్చింది. మలయాళీ, బిల్డింగుల చదువు చదివిన పిల్ల, మంచి హిందీ. ఆ పొద్దున మేనేజర్ లేడు. అల్ ఖూజ్‌లో వాడికి లేబర్ గదులు ఇంకొన్ని ఉండేవి, అక్కడికి పోయాడు. ఆ పిల్ల ఫోన్ చేస్తే ఎత్తలేదు. వాడు తెలియని నంబరు జన్మలో ఎత్తడు, అటు వైపు ఎవరు తిడతారో అని భయం. సరే, ఆ పిల్ల నన్ను వెంటపెట్టుకుని ఇల్లంతా తిరిగింది. గోడ మీద అరచెయ్యి పెట్టి చూసింది. టార్చి వేసి కప్పు వాసాలు చూసింది. తలుపు మీద పూలను వేలితో తడుముతుంటే ఆమె మొహం వెలిగిపోయింది. నా కంటికి మాత్రం అన్నీ పెచ్చులూడిన గోడలే, పొగ పట్టిన వాసాలే. వెనకటికి ముందు దుకాణంలో ఏముండేదని అడిగితే, దర్జీ దుకాణం అని చెప్పాను. మిషను దగ్గర నన్ను కూర్చోబెట్టి ఫోటో తీసుకుంది.

వెళ్ళేముందు నా చెయ్యి పట్టుకుని చెప్పింది. "దీదీ, పెద్దవాళ్ళు చూడటానికి వస్తారు. అప్పటిదాకా దేన్నీ ముట్టుకోవద్దని మేనేజర్‌కి చెప్పండి. రంగు వెయ్యొద్దు, సున్నం కూడా వద్దు. పెచ్చులు ఊడిపోతుంటే ఊడిపోనివ్వండి. ఇది ఇలా ఉంది కాబట్టే దీనికి విలువ. గట్టిగా చెప్పండి, మర్చిపోకండి."

"తప్పకుండా చెప్తాను" అన్నాను. ఆ మాట అనేటప్పుడు నిజంగానే చెప్దామనుకున్నాను.

సాయంత్రం వాడు వచ్చాడు. మెట్ల కింద నా కత్తిరింపు ముక్కలు కనబడితే కాలితో పక్కకు తోసి, "ఏమ్మా, ఆఫీసు నుంచి ఎవరో వచ్చినారంట. ఏమన్నారు?" అని అడిగాడు.

కాలితో తోసిన గుడ్డ వైపు చూశాను. లైనింగు ముక్క, అంత పనికొచ్చేది కూడా కాదు. కానీ గుడ్డను చూడగానే చెత్తడబ్బా గుర్తొచ్చింది, డబ్బా గుర్తొచ్చాక కాకినాడ ఆమె గుర్తొచ్చింది. నా నాలుక దానంతటదే తిరిగింది.

"ఏం చెప్పలేదన్నా. ఫోటోలు తీసుకుని పోయింది. పెద్దవాళ్ళు చూడటానికి వస్తారంట."

"పెద్దోళ్ళా? ఈ అవతారంలో చూస్తే ఏమనుకుంటారు?" అని గోడల వైపు తిరిగాడు. "పెళ్ళిచూపులకు వస్తుంటేనే మనం ఇంటికి సున్నం ఏయమా? మా ఊళ్ళో కలెక్టరు వస్తుండాడంటే రోడ్డు పక్క రాళ్ళకు కూడా రంగేస్తారు. ఇది పూర్తిగా రెడీ చెయ్యాల."

మనవాడు కదా. వాడి బుర్ర ఎటు పోతుందో నాకు బాగా తెలుసు. నేనైనా అదే చేసేదాన్ని, ఆ పిల్ల చెప్పకపోయి ఉంటే. పెద్ద మనిషి గడప తొక్కుతున్నాడంటే పాతది కనబడకుండా చెయ్యడమే మనకు తెలిసిన మర్యాద. ఆ మర్యాదే వాడి కొంప ముంచుతుందని అర్థమైన క్షణంలో, ఇన్నేళ్ళ తర్వాత మొదటిసారి నా కడుపులో చల్లగా అనిపించింది.

మర్నాడే పని మొదలైంది. అసలు విషయం చెప్పాలి, వాడు నా సలహా కూడా అడిగాడు. "నువ్వు రంగులు తెలిసినదానివి. తలుపుకేం ఏపిద్దాం?"

నేను తలుపు ముందు నిలబడి, పెళ్ళికూతురి చీరకు జాకెట్టు ముక్క ఎంచినంత శ్రద్ధగా ఆలోచించాను. "పచ్చ వేయించన్నా. చిక్కటి పచ్చ, మెరిసే ఆయిల్ పెయింటు. పూలకు బంగారు రంగు. లోకల్ వాళ్ళకు పచ్చంటే ప్రాణం."

"అదీ మాటంటే" అన్నాడు. ఆ రోజు కూడా నాకు టీ వచ్చింది.

గోడల మీది పాత సున్నం గీకేశారు. కింద రాయి కనబడితే, ఇదేంది తేనెపట్టు మాదిరి తూట్లు తూట్లుగా ఉండాది అని, సిమెంటు కొట్టి, పైన మార్బుల్ లాంటి టైల్స్ అతికించారు. వాసాలు కోసేసి, తెల్లటి ఫాల్స్ సీలింగు పెట్టి, దాని చుట్టూ నీలం లైట్లు తిప్పారు. చెక్క కిటికీలు పీకి అల్యూమినియం పెట్టారు. జాలీల దగ్గరికి వచ్చేసరికి పెషావర్ మేస్త్రీ ఒకడు సుత్తి కింద పెట్టేశాడు. "బాజీ, ఇది భలే ఉంది కదా, నిజంగా పగలగొట్టమన్నాడా?" అని నన్నడిగాడు. మేనేజర్ అప్పుడు టైల్స్ కొనడానికి పోయున్నాడు. నేనొక్క మాటంటే ఆ సుత్తి ఆగిపోయేది.

"మేనేజర్ చెప్పినట్టు చెయ్యి భాయ్, యల్లా" అన్నాను.

ఆ సుద్ద ముక్కలూ కోసిన వాసాలూ చెత్తడబ్బాలో పడేశారు. నా ఆది జాకెట్లు పడేసిన డబ్బానే, అదే మూల, అదే పచ్చ డబ్బా. సంచీ పట్టుకుని కూరగాయలకు పోయే నెపంతో దాని పక్క నుంచి రెండుసార్లు నడిచాను. ఎంత హాయిగా ఉండిందో మీకు చెప్పలేను. పండగ రోజు కొత్త బట్ట కట్టుకుంటే కూడా నాకంత హాయి ఎప్పుడూ లేదు.

పెద్దవాళ్ళు వచ్చే రోజు వాడు కోటు వేసుకున్నాడు. ఊదు పొగ వేయించి, ఖర్జూరాలూ, గహ్వా అనే అరబ్బు కాఫీ పళ్ళెంలో పెట్టించాడు. తలుపు ఎండకు అద్దంలా మెరిసిపోతోంది. కారు దిగిన మలయాళీ పిల్ల తలుపు చూసి నడిరోడ్డు మీదే ఆగిపోయింది. వెనక కారు హారన్ కొడితేగానీ కదల్లేదు. ఆమెతో వచ్చిన పెద్దాయన, పాదాల దాకా తెల్ల కందూరా వేసుకున్న లోకల్, లోపలికి వచ్చి గోడ టైలు మీద వేలితో రెండుసార్లు కొట్టి చూశాడు. పైకి నీలం లైట్లు చూశాడు. గహ్వా ముట్టుకోలేదు. వాళ్ళు ఉన్నది టీ చల్లారేంత సేపు కూడా కాదు.

వీడు మాత్రం గుమ్మంలో చేతులు నలుపుకుంటూ, "చూసినావామ్మా, మాట రాలేదు వాళ్ళకి" అన్నాడు.

ఆ పిల్ల వెనక్కి వచ్చి, మెట్ల కింద నా ముందు వంగింది. "మీరు చెప్పలేదా దీదీ?"

"మర్చిపోయాను" అన్నాను, సూదిలో దారం ఎక్కిస్తూ.

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "చెడిపోయింది బాగు చేసుకోవచ్చు. పీకి పారేసినవి మళ్ళీ ఎక్కడి నుంచి తెస్తాం?" అంది. ఆ మాట వేరేవాళ్ళు అనుంటే నాకేమైనా అనిపించేదేమో. నా అలమర పోయినప్పుడు నా బాధా అదే, వినేవాడు నవ్వాడు. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు, మంచి పిల్ల. నాకూ వాడికీ మధ్యలో నిలబడింది, అంతే.

గుర్తింపు రాలేదు. సందులో అటు రెండు ఇళ్ళకూ ఇటు మూల ఇంటికీ వచ్చింది, మా ఇంటిని వదిలేశారు. గోడలు తప్ప పాతది ఏమీ మిగల్లేదని, అవి కూడా సిమెంటు కింద ఉన్నాయని చెప్పారంట. ఇక ఎందుకని హజ్జా కొడుకు పడగొట్టడానికి సిద్ధమయ్యాడు. లీజు ఖలాస్. వాడు పెట్టిన ఖర్చూ ఖలాస్. మమ్మల్నందరినీ ఖాళీ చెయ్యమన్నారు.

చివరి రోజు పై గదులవాళ్ళు మూటలు దించుకుని పోయాక, వాడు ఆ పచ్చ తలుపు గడప మీద కూర్చున్నాడు. గెడ్డం పెరిగింది, కోటు లేదు. టైల్స్ వైపు చూస్తూ ఏడుస్తున్నాడు. మగవాడు ఏడుస్తుంటే చూడకూడదని మా అమ్మ చెప్పేది. నేను చూశాను. తృప్తిగా నిలబడి చూశాను. వాడితో ఒక మాట అనడం కోసం నేను ఎన్నేళ్ళు ఆగానో, వంట చేసుకుంటూ, బట్టలు పిండుకుంటూ ఎన్నిసార్లు అనుకుని చూసుకున్నానో నాకే తెలుసు.

"ప్రాణం మిగిలింది కదన్నా. గోడలకేడుస్తావేంది?"

వాడు తలెత్తాడు. వాడికి గుర్తు రాలేదు! అదొక్కటి నాకు లోటుగా మిగిలిపోయింది. అందుకని విడమరిచి చెప్పాను. ఆ పిల్ల దేన్నీ ముట్టుకోవద్దని నాకు చెప్పిందని, సున్నం కూడా వద్దందని, నేను కావాలనే చెప్పలేదని, పచ్చ రంగు కూడా అందుకే చెప్పానని. ఒక్కొక్క మాటా నెమ్మదిగా, బొత్తాలు కుట్టినట్టు చెప్పాను.

కొట్టడానికి లేస్తాడనుకున్నాను. లేవలేదు. మొహం తుడుచుకుని నన్నదోలా చూశాడు.

"పిచ్చిదానా" అన్నాడు. "హజ్జా ఏ షరతు మీద లీజు ఇస్తానందో తెలుసా? ముందు దుకాణం దర్జీకే ఇయ్యాలంది. గుర్తింపు వచ్చినాక నిన్నే కదా పెట్టాల్సింది."

"అబద్ధం. నాకెందుకు చెప్పలేదు మరి?"

"చెప్తే నువ్వు నెత్తికెక్కుతావని."

అది వాడి మాటే. వాడి గుణం మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. అయినా నేను నమ్మలేదు. ఏడ్చేవాడు పోతూ పోతూ నన్ను కూడా ఏడిపించడానికి అంటున్నాడనుకున్నాను. మిషను తల ఊడదీసి గుడ్డలో చుట్టుకుని వీధిలోకి వచ్చాను.

సందు మొగలో హజ్జా కారు ఆగి ఉంది. ఇంటిని ఆఖరుసారి చూసుకోవడానికి వచ్చింది. నా చేతిలో మిషను చూసి అద్దం దించింది. అప్పుడు మొదటిసారి ఆమె మొహం చూశాను, మా నానమ్మ వయసు, గోరింటాకు పెట్టిన ముడతల వేళ్ళు. పాతకాలం దుబాయ్ వాళ్ళలాగే హిందీ మాట్లాడింది.

"నువ్వేనా ఆ దర్జీవి? ఆఫీసు పిల్ల నీ ఫోటో చూపించింది. నిన్ను మెట్ల కింద ఎందుకు కూర్చోబెట్టావని అడిగాను వాణ్ణి. నా పెళ్ళి బట్టలు కుట్టింది ఆ ముందు దుకాణంలోనే. నా మొగుడి కందూరాలూ అక్కడే. ఇల్లు నిలబడితే అది దర్జీదే, ముందు ఆమెను అక్కడ కూర్చోబెట్టు, తర్వాతే నీ హోటల్ అని చెప్పాను. చెప్పాడా నీకు?"

"లేదు హజ్జా" అన్నాను. మిషను బరువుకు చేతులు లాగేస్తున్నాయి, అయినా కింద పెట్టబుద్ధి కాలేదు.

ఆమె నా భుజం మీదుగా ఇంటి వైపు చూసింది. ఆ దూరం నుంచి కూడా తలుపు కొట్టొచ్చినట్టు కనబడుతోంది. "చిన్నప్పుడు మా తమ్ముడూ నేనూ ఆ పూలు లెక్కపెట్టుకునేవాళ్ళం" అంది. "ఆ రంగు వెయ్యమని వాడికెవరు చెప్పారో."

"వాడికి పచ్చంటే ఇష్టం హజ్జా."

అద్దం పైకి లేచింది, కారు వెళ్ళిపోయింది. నేను మిషను అక్కడే రోడ్డు పక్కన దించి, దాని దగ్గరే కూర్చుని ఏడ్చాను. ఎవరూ ఏమీ అడగలేదు. నైఫ్‌లో మూటలు పక్కన పెట్టుకుని ఏడ్చే ఆడది కొత్తేం కాదు.

ఇప్పుడు అల్ ఖూజ్‌లో, యూనిఫారాలు కుట్టే షెడ్డులో పనిచేస్తున్నాను. అక్కడ ఆది జాకెట్లు ఉండవు, చిన్న, మధ్య, పెద్ద అంతే. వాడూ అల్ ఖూజ్‌లోనే ఉన్నాడు, ఎవరి కిందో. క్యాంపు బస్సు ఎక్కేవాళ్ళను లెక్కపెట్టే పని. అప్పుడప్పుడు రోడ్డుకు అటు పక్కన ఎండలో నిలబడి కనబడతాడు. ముందు కడుపు చల్లగా అనిపిస్తుంది. ఆ వెంటనే, వీధి వైపు కిటికీ ఉన్న నా దుకాణం గుర్తొస్తుంది, గుండె పట్టేస్తుంది. రెండూ ఎప్పుడూ జంటగానే వస్తాయి.

వీధి వైపు దుకాణం నీకే వస్తుందని ముందే తెలిసి ఉంటే ఏం చేసేదానివని మొన్న మా షెడ్డులో ఒకామె అడిగింది. నేను ఆలోచించకుండానే చెప్పాను. వాడు మళ్ళీ టీ పట్టుకొచ్చి, తలుపుకు ఏ రంగు వేయిద్దామమ్మా అంటే, ఈసారి కూడా పచ్చే అంటాను. పూలకు బంగారు రంగు మర్చిపోవద్దంటాను.